మూడో తరగతి కట్ట

"మీరు అతన్ని చచ్చిపొమ్మన్నారా, లేదా?"

"అన్నాను."

"ఎంత గట్టిగా?"

"నర్సరీలో ఆ చివరెక్కడో రోజా అంట్లు కడుతున్నవాళ్లకి కూడా వినపడేంత గట్టిగా."

ఆ ప్రశ్నలు అడుగుతున్నది పోలీసులు కాదు. నర్సరీ పెద్దావిడ తన తరఫున వాదిస్తుందని పిలిపించుకున్న ప్రైవేటు డిటెక్టివే. గుమ్మానికి చేరగిలబడి నిలబడ్డ ఇన్‌స్పెక్టర్‌కి ఆ జవాబు వినగానే ప్రాణం లేచొచ్చింది.

"విన్నారుగా మేడమ్. ఇక నేను వేరే చెప్పేదేముంది?"

"నువ్వు చెప్పాల్సింది బోలెడుంది. కాస్త ఆగు."

ఆ 'నువ్వు'కి ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. వరండాలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. డిటెక్టివ్ అతని తల్లికి సొంత చెల్లెలు. స్టేషన్లో మేడమ్ అనే పిలవాలని ఉద్యోగంలో చేరిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు గానీ, ఒకసారి నలుగురి ముందూ నోరు జారి "పిన్నీ" అనేశాడు. అంతే. ఆ రోజు నుంచీ సెంట్రీ మొదలుకొని జీపు డ్రైవరు దాకా స్టేషన్ మొత్తానికి ఆమె పిన్ని అయిపోయింది.

పిన్ని కుర్చీ ముందుకు లాక్కుంది.

"మొదటి నుంచీ చెప్పండి పెద్దమ్మా. తెల్లారి మీ పనివాళ్లు చెరువు కట్ట కిందకి వెళ్తే అక్కడ కట్టల ఇంజినీరు తల పగిలి స్పృహ లేకుండా పడున్నాడు; ఇంకా ఆసుపత్రిలో కళ్లు తెరవలేదు. పక్కన గడ్డిలో మీ తూము తిప్పే ఇనప కడ్డీ. దాని ఒక కొసకి నెత్తురు. నిన్న సాయంత్రం అతన్ని మీరు చచ్చిపొమ్మన్నారు. మీ బంధువుల్లో ఎవరైనా ఈ కథ నాకు చెప్తే, మిమ్మల్ని నేనే అరెస్టు చేయమని ఉండేదాన్ని."

"బాగుంది. నిన్ను పిలిపించింది ఇందుకా అమ్మాయ్?"

"అందుకే. చేదు మాటలన్నీ ముందు నా దగ్గర అయిపోతే కోర్టులో కొత్తవి మిగలవు. అతను మీ కట్టకి ఎందుకొచ్చాడు?"

పెద్దావిడ జవాబిచ్చేలోపే ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. "తరగతి మార్చడానికొచ్చాడు. సొంత భూముల్లో చిన్న చిన్న మట్టికట్టలు కట్టుకుని నీళ్లు నిలవ చేసుకునేవాళ్లు ఉంటారు కదా, అవన్నీ తనిఖీ చేసి ఏది ఏ తరగతో తేల్చడం అతని ఉద్యోగం. ఈవిడది ఇన్నాళ్లూ మూడో తరగతి కట్ట. దాన్ని ఒకటో తరగతి చేస్తానన్నాడు."

"ఒకటో తరగతి వస్తే సంతోషించాలి గానీ చంపుకోవడం ఏమిటి? మా అక్క కొడుకు ఒకడుండేవాడు, మూడో తరగతి రెండుసార్లు చదివాడు. ఇంట్లో ఎవరం చంపలేదే!"

వరండాలో ఈసారి ఇద్దరు దగ్గారు. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇది ర్యాంకు కాదు మేడమ్. ఒకటో తరగతి అంటే యజమాని మెడకి ఉరితాడు. ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు వెడల్పు చేయించాలి, కట్ట లావు చేయించాలి, ఏటా పరీక్షలు చేయించాలి. ఈవిడ మొత్తం నర్సరీ అమ్ముకున్నా చాలదు. ఇంతకంటే కారణం ఏం కావాలి?"

"పెద్దమ్మా, ఆ ఖర్చు సంగతి మీకు తెలుసా?"

"తెలియకపోవడమేం? తెలిసే అతన్ని పిలిపించాను."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం వదిలి రెండడుగులు లోపలికొచ్చాడు.

"మీరు పిలిపించారా?"

"నేనే పిలిపించాను బాబూ. ఓ రోజు చంటిపిల్లలు బారుగా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని మా కట్ట మీదకి వచ్చారు. ఏ ఊరి పిల్లలమ్మా అని అడిగితే, కింద కొత్త కాలనీలో ప్లేస్కూల్ పెట్టారట, బాతుల్ని చూపిద్దామని తీసుకొచ్చారట. ఆ కట్ట మా ఆయన కట్టిన రోజున కింద కంపచెట్లు తప్ప ఏమీ లేవు. మొదటిసారి కిందకి తొంగి చూస్తే వరసగా కప్పులు కనపడ్డాయి. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. మర్నాడే ఇంజినీరుకి ఫోన్ చేసి, నాయనా నా కట్ట తరగతి తప్పు, వచ్చి మార్చు అని చెప్పాను."

"మరి తిట్లెందుకు?"

"అతను కట్ట కింద చెమ్మ చూశాడు. చూసి, ఇప్పటికిప్పుడు తూము తెరిచి నీళ్లన్నీ వదిలేయమన్నాడు. ఎండలు మొదలవుతున్నాయి, నీళ్లన్నీ పోతే నా అంట్లు మాడి చస్తాయన్నాను. అంట్లు కావాలా, పిల్లలు కావాలా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మండి, ఆ మాట అన్నాను." పెద్దావిడ చూపు బల్ల మీదకి దిగింది. "అన్నాక సిగ్గేసింది. అతను చెప్పినట్టే వెళ్లి తూము తెరిచాను. పొద్దున మూయాలి కదా అని కడ్డీ అక్కడే వదిలేసి ఇంటికెళ్లాను. అతను ఇంకా కట్ట కింద చెమ్మ చూస్తూ టార్చి పట్టుకుని తిరుగుతున్నాడు. నేను చూసింది అంతవరకే."

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "కథ బాగుంది. కానీ పొద్దున నేను వెళ్లేసరికి తూము మూసే ఉంది. చెరువు నిండుగా ఉంది. తెరిచిన తూము దానంతటదే మూసుకుందా?"

పెద్దావిడ ఉలిక్కిపడింది. "మూసుందా?"

పిన్ని ఆవిడ ముఖం వైపే చూస్తోంది. అబద్ధం చెప్పేవాళ్లు దొరికిపోయినప్పుడు ముందు నోరు మెదులుతుంది, తర్వాత కళ్లు బెదురుతాయి. పెద్దావిడకి ముందు కళ్లే బెదిరాయి. ఆ బెదురు కూడా తన గురించి కాదు.

"నిండుగా ఉందా బాబూ? రాత్రి పైన కొండల్లో వాన పడింది. అతను ఖాళీ చేయమన్న చెరువు అది! నన్ను తర్వాత జైల్లో పెట్టుకుందువు గానీ, ముందు కట్ట దగ్గరికి తీసుకెళ్లు."

"అదీ మాట," అని పిన్ని లేచింది. "పదండి ఇన్‌స్పెక్టర్ గారూ. ఈవిడ చెప్పింది అబద్ధమైతే నేనే కోర్టుకొచ్చి మీ తరఫున సాక్ష్యం చెప్తాను."

"నిజమైతే?"

"ఇంటికొచ్చి మీ అమ్మ ముందు పిన్నిదే పైచెయ్యి అని మూడుసార్లు చెప్పు."

అతను పళ్లు నూరాడు. ఆ పందెం ముందు ఏ పోలీసువాడికైనా వెనక్కి తగ్గడం కష్టమే. పైగా నెత్తురు మరకల కడ్డీని లేబొరేటరీకి పంపడానికి జీపు ఎలాగూ బయల్దేరుతోంది. సీలు వేసిన సంచీలో అది వెనక సీటు కింద ఉంది. దారిలో కట్ట దగ్గర ఆగితే పోయేదేమీ లేదు.

*

కట్ట చూడ్డానికి ఏనుగు పడుకున్నట్టుంది. ఒకవైపు నిండా నీళ్లు, రెండోవైపు గడ్డి మొలిచిన వాలు. వాలు అడుగున తూము నోరు, అక్కణ్ణుంచి కిందికి ఒక కాలవ. కాలవ దిగువన చెట్ల సందుల్లోంచి కొత్తగా రంగులు వేసిన ఇళ్లు.

ఇన్‌స్పెక్టర్ తిన్నగా కట్ట ఎక్కి తూము చట్రం చూపించాడు. "ఇదిగో, మూసే ఉంది. కాలవలో చుక్క పారడం లేదు. ఈవిడ దీన్ని తెరవనే లేదు."

పిన్ని పైకి ఎక్కలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని కాలవలోకి దిగింది.

"ఒరేయ్, ఇలా రా."

'ఒరేయ్' విని డ్రైవరు తల తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ దిగొచ్చి చూశాడు. కాలవలో గడ్డి అంతా దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి, దిగువకి వాలిపోయి ఉంది. గుంటల్లో అక్కడక్కడా నీళ్లు నిలిచాయి. అరచెయ్యంత గుంట ఒకదాంట్లో వేలెడేసి చేపపిల్లలు మూడు నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి.

"ఇవి నడిచొచ్చాయా?"

ఇన్‌స్పెక్టర్ వంగి గుంటలోకి చూశాడు.

"చెరువులో చేపలు కాలవలోకి రావాలంటే తూములోంచే రావాలి. నిన్నటికి ముందు వచ్చినవైతే ఈపాటికి ఎండి, చీమలు పట్టేవి. అంటే నిన్న సాయంత్రం తూము తెరిచారు. పెద్దమ్మ చెప్పింది నిజం. ఆ తర్వాత ఎవరో మూసేశారు. ఆ మూసిందెవరో నువ్వు చెప్పాలి."

"ఈవిడే మనసు మార్చుకుని మూసి ఉండొచ్చు. అంట్లు మాడతాయన్న బెంగ ఉంది కదా! ఇంజినీరు అడ్డొచ్చాడు. కడ్డీతో ఒకటేసింది."

"ఆ ముక్కా ఆలోచించదగ్గదే," అని ఒప్పుకుంది పిన్ని. తప్పు లేనిచోట అక్క కొడుకుని తీసిపారేసే అలవాటు ఆమెకి లేదు. "అందుకే ఈ కాలవ ఎక్కడిదాకా పోతుందో చూద్దాం పద."

ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. కాలవ కాలనీ మొదట్లోనే ఆగిపోయింది. దానికి అడ్డంగా కొత్త కంకర రోడ్డు. కింద గొట్టం లేదు, వంతెన లేదు. కాలవని మట్టితో పూడ్చేసి, దాని మీద చదును చేసి రోడ్డు వేశారు. రోడ్డు పక్కన పెద్ద బోర్డు: 'చెరువు గాలి, చల్లని నీడ. ప్రభుత్వమే మూడో తరగతిగా ధ్రువీకరించిన కట్ట కింద నిశ్చింతగా నివసించండి.' బోర్డు వెనక ఇసక గుట్ట, కంకర గుట్ట, పొక్లెయిన్ ఒకటి. దాని పక్కన ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లకి చూపించే నమూనా ఇల్లు.

ఆ ఇంటి ముందు ఎండలో రెండు సోఫాలు ఆరేసి ఉన్నాయి.

పిన్ని వెళ్లి ఒక సోఫా కింద చెయ్యి పెట్టి, తడిసిన గుడ్డని పిండింది. బురదనీళ్లు కారాయి. గోడ మీద మోకాలెత్తున సన్నని బురద గీత. ఎవరో తుడిచారు గానీ మూలల్లో వదిలేశారు.

"నిశ్చింతగా నివసించాలట," అంది చెయ్యి దులుపుకుంటూ. "ఈ పెద్దమనిషికి తరగతి అంటే ఏమిటో తెలీదు. తెలిసి కూడా తెలియనట్టు ఉన్నాడేమో. పెద్దమ్మ చెప్పింది విన్నావుగా, తరగతి కట్ట గట్టిదనాన్ని బట్టి రాదురా. తెగితే కింద ఎవరు పోతారన్నదాన్ని బట్టి వస్తుంది. కింద కంపచెట్లుంటే మూడో తరగతి. మనుషులుంటే ఒకటో తరగతి. అప్పట్లో కింద ఇళ్లేవీ లేవు గనక మూడో తరగతి అని రాసిచ్చారు. దాన్నే చూపించి ఇతను ఇళ్లు కట్టి అమ్ముతున్నాడు."

ఇన్‌స్పెక్టర్ బోర్డు వైపు, సోఫాల వైపు మార్చి మార్చి చూశాడు. "అయితే తరగతి మారితే నష్టం పెద్దావిడకి ఒక్కదానికే కాదు."

"ఇప్పుడు మా అక్క కొడుకులా మాట్లాడావు."

అప్పుడే పైనుంచి కేక వినిపించింది. పెద్దావిడ కట్ట వాలు మధ్యలో కూలబడి రెండు చేతులూ ఊపుతోంది. ఇద్దరూ పరుగెత్తారు.

ఆవిడ చూపిస్తున్న చోట గడ్డిలోంచి బొటనవేలంత లావున నీళ్లు ఉబికి వస్తున్నాయి. టీ రంగు నీళ్లు. చుట్టూ మెత్తటి మట్టి పుట్టలా పేరుకుంది.

"నిన్న తేటగా కారాయి," అంది పెద్దావిడ. "తేటగా ఉన్నంతసేపూ పర్వాలేదమ్మా, రంగు మారిందంటే మాత్రం కట్ట లోపలి మట్టి కరిగి బయటికొస్తున్నట్టు, అప్పుడు ఆలోచించకు అన్నాడు ఇంజినీరు. నీళ్లు దించాలి, ఈ చోట ఇసక పోసి, మీద కంకర పోయాలి అన్నాడు. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు అన్నాడు."

కింద ప్లేస్కూల్లో పిల్లలు ఏదో పాట అందుకున్నారు. లయ తప్పుతూ, ఒకరి వెనక ఒకరు. పిన్ని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"డ్రైవర్ని పంపు. ఇళ్లన్నీ ఖాళీ చేయించాలి. ముందు బడి. తూము కడ్డీ తే."

"ఏ కడ్డీ?"

"నీ జీపులో ఉన్నదే. ఈ తూముకి ఇంకో కడ్డీ లేదు."

ఇన్‌స్పెక్టర్ కొయ్యబారిపోయాడు. "అది సాక్ష్యం! సీలు తీస్తే కేసు పోతుంది. నా ఉద్యోగం కూడా."

పిన్ని ఒత్తిడి చెయ్యలేదు. ఈ పని తను చెప్తే చేసినట్టు కాకూడదు. చిన్నప్పుడు పక్కింటి మంటలోకి దూకి పిల్లిపిల్లని పట్టుకొచ్చినవాడు వీడు. కాలిన చొక్కాతో వచ్చి తిట్లు తిన్నవాడు.

పిల్లల పాట రెండో చరణంలోకి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ జీపు వైపు పరుగు తీశాడు.

*

డ్రైవర్ని కాలనీకి పంపి, నెత్తురున్న కొసకి సంచీ అలాగే ఉంచి, రెండో కొసని తూము చట్రంలో దించాడు ఇన్‌స్పెక్టర్. ఫొటోలు పొద్దునే తీశారు. వేలిముద్రలు ఒక్కటీ దొరకలేదు, ఎవరో శుభ్రంగా తుడిచేశారు. అదొక్కటే అతనికి కాస్త ధైర్యం.

ఎడమవైపుకి తిప్పాడు. కదల్లేదు. చొక్కా చేతులు మడిచి మళ్లీ తిప్పాడు. మెడ నరాలు తేలాయి. కడ్డీ మాత్రం ఇసుమంత కూడా జరగలేదు.

"అటు కాదు నాయనా," అంది పెద్దావిడ. "దానికన్నీ తిరకాసే. మా ఆయన ఎక్కడో పాత సామాన్ల కొట్లో కొన్నాడు. ముందు కాలితో కింద కొక్కెం నొక్కాలి. నొక్కి, మామూలుగా మూసే వైపుకి తిప్పితే తెరుచుకుంటుంది. నాకు తప్ప మా పనివాళ్లకి కూడా చేతకాదు."

ఇన్‌స్పెక్టర్ కొక్కెం నొక్కి ఈసారి కుడివైపుకి తిప్పాడు. కట్ట కడుపులో ఏదో గురక పెట్టినట్టయింది. దిగువన తూము నోట్లోంచి నీళ్లు ఒక్క ఉదుటున బయటికి దూకాయి.

కాసేపటికే కాలనీలో జీపు హారను మోగడం, బళ్లు కదలడం, తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ఎదురు గట్టుకి వెళ్లడం కనిపించాయి. వాళ్లందరికీ ఎదురు వస్తూ ఒకే ఒక్క మనిషి కట్ట ఎక్కాడు. తెల్ల చొక్కా, మోకాళ్ల దాకా బురద, ముఖాన చిరునవ్వు ఉండాల్సిన చోట వణుకు.

"ఎవరు తెరవమన్నారు? నా ఇంట్లోకి నీళ్లొచ్చేస్తున్నాయి! ఇవాళ కొనేవాళ్లని రమ్మన్నాను!"

"మీరు కాలనీ ఓనరా?" పిన్ని నెమ్మదిగా అడిగింది.

"అవును. మీరెవరు?"

"నీళ్లు చూసిపోదామని వచ్చాను. మీరు రోజూ వస్తుంటారా కట్ట మీదకి?"

"నేనా? ఇదే మొదటిసారి ఎక్కడం. నాకు ఈత రాదు, నీళ్లంటే హడల్. మూడో తరగతి కట్ట, సురక్షితం అని ప్రభుత్వం చెప్పాక నాకు ఇక్కడేం పని? ముందు ఆ తూము మూయించండి ఇన్‌స్పెక్టర్ గారూ!"

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. పిన్ని కాలు అతని బూటు మీద పడింది. నొప్పికి నోరు మూసుకున్నాడు.

"మూద్దామనే చూస్తున్నామండీ," అంది పిన్ని దిగులుగా. "మా వాడు ఇందాకటి నుంచీ కుస్తీ పడుతున్నాడు. చూడండి, చెమటలు. ఎవరికీ చేతకావడం లేదు. నీళ్లేమో మీ ఇంటి వైపే పోతున్నాయి..."

"తప్పుకోండి!"

అతను విసురుగా వచ్చి కడ్డీ అందుకున్నాడు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. కుడి కాలు సర్రున చట్రం కిందకి పోయి కొక్కెం మీద పడింది. రెండు చేతులూ తిరకాసు వైపుకే తిరిగాయి. కడ్డీ వెన్నలా కదిలింది.

అరచుట్టు తిరిగాక పిన్ని చెయ్యి కడ్డీ మీద పడింది.

"చాలండి. ఇంకా మూయకండి. మాకు కావలసింది కనపడింది."

"ఏం కనపడింది?"

"ఇన్‌స్పెక్టర్ గారు కండలు తిరిగిన మనిషి. ఎంతసేపు తిప్పినా కదల్లేదు. పెద్దమ్మ చెప్తే గానీ కొక్కెం సంగతి తెలీలేదు. ఈవిడ దగ్గర ఏళ్లతరబడి చేస్తున్నవాళ్లకే చేతకాని పని. మీరు ఈ కట్ట ఎక్కడమే మొదటిసారి కదా. కాలు నేరుగా కొక్కెం మీదకి ఎలా వెళ్లింది?"

అతని చేతులు కడ్డీ మీంచి జారిపోయాయి.

"నిన్న పెద్దమ్మ తూము తెరిచి వెళ్లిపోయింది. నీళ్లు వచ్చి మీ రోడ్డుకి తగిలి వెనక్కి తన్నాయి. దారి లేక ఎక్కడికి పోతాయి, మీ నమూనా ఇంట్లోకి పోయాయి. సోఫాలు తడిశాయి. మీరు పరుగెత్తుకొచ్చి, తంటాలు పడి ఈ తిరకాసు కనిపెట్టి మూశారు. మూస్తుంటే ఇంజినీరు టార్చి వేశాడు. మీరు కింద పూడ్చిన కాలవని చూపించి, రేపటి నుంచి ఇది ఒకటో తరగతి కట్ట, మీ ఇళ్లు ఎవరూ కొనరు అన్నాడు. కడ్డీ మీ చేతిలోనే ఉంది."

"నేను చంపాలనుకోలేదు!" అన్నాడతను. అన్నాక, అన్నది తనేనా అన్నట్టు అందరి ముఖాలూ చూశాడు. "వినమన్నాను. బతిమాలాను. వినలేదు. ఒక్క దెబ్బే..."

"ఆ ఒక్క దెబ్బ వేసి, అతన్ని వాలు మీదకి దొర్లించి, కడ్డీ తుడిచి గడ్డిలో పారేసి, ఇంటికెళ్లి సోఫాలు ఆరేసుకున్నావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో ఇందాకటి వెటకారం లేదు. బేడీలు క్లిక్కుమన్నాయి. "నేనేమో పెద్దావిణ్ణి పొద్దుటి నుంచీ కుర్చీలో కూర్చోబెట్టాను."

పెద్దావిడ అదేమీ పట్టించుకునే స్థితిలో లేదు. "ఇసక! ముందు ఇసక తెప్పించండి!"

పిన్ని ఓనరు వైపు తిరిగింది. "మీ పొక్లెయిన్ వాడికి చెప్పండి. మీ ఇసక, మీ కంకర ఇక్కడికి తోలమనండి. తర్వాత మీ రోడ్డు తవ్వి కాలవ తెరవమనండి."

"నా రోడ్డా?"

"మీ జన్మలో చేసే మొదటి మంచి పని. నేరం తగ్గదు గానీ, జడ్జిగారికి చెప్పుకోవడానికి ఒక ముక్క ఉంటుంది."

అతను తల వంచి చెప్పాడు. పొక్లెయిన్ బుసలు కొడుతూ కదిలింది. ముందు ఇసక పడింది, ఇసక మీద కంకర పడింది. ఇన్‌స్పెక్టర్ టోపీ గట్టు మీద పెట్టి పార అందుకున్నాడు. డ్రైవరు అందుకున్నాడు. కాలనీలో మగవాళ్లు నలుగురు, అంట్లు కట్టే ఆడవాళ్లు ఐదారుగురు చేరారు. పిన్ని తట్టలు మోసింది. ఎవరు ఎవరికి ఏమవుతారో చూసుకునే తీరిక లేదు. దిగువన పొక్లెయిన్ పళ్లు కొత్త రోడ్డుని రెండుగా చీల్చగానే, ఆగి సుడులు తిరుగుతున్న నీళ్లు ఒక్కసారి దారి దొరికి కాలవలో పడి పరుగు తీశాయి.

సూర్యుడు నడినెత్తి దాటాక పెద్దావిడ కంకర గుట్ట అంచున మోకాళ్ల మీద కూర్చుని, ఊరి వస్తున్న నీళ్లని దోసిట్లో పట్టింది. వెలుతురుకి ఎత్తి చూసింది. దోసిట్లోంచి ఆవిడ అరచేతి గీతలు స్పష్టంగా కనిపించాయి.

"తేట!" అని అరిచింది. "తేటగా ఉన్నాయి!"

ఎదురు గట్టు మీద పిల్లలకి ఏం జరిగిందో తెలీదు. పెద్దవాళ్లు చప్పట్లు కొడుతుంటే తామూ కొట్టారు, గంతులేశారు. పెద్దావిడ ఏడుస్తూ నవ్వుతూ తడి చేతులతోనే ఇన్‌స్పెక్టర్ బుగ్గలు పట్టుకుంది. అతను సిగ్గుపడిపోయి నిలబడ్డాడు. ఒళ్లంతా మట్టి. ముఖం మాత్రం వెలిగిపోతోంది. పొద్దున ఒక మనిషిని కొట్టినవాణ్ణి వెతకడానికి బయల్దేరి, మధ్యాహ్నానికి ఒక కాలనీని నిలబెట్టాడు. ఇలాంటి రోజు ఉద్యోగంలో మళ్లీ వస్తుందో రాదో అనుకుంది పిన్ని, అతన్నే చూస్తూ. తన అక్కకి ఇది ఎలా వర్ణించి చెప్పాలో అప్పుడే మనసులో అల్లుకుంటోంది.

ఆమె ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి, పొద్దున పిన్ని నంబరు తీసుకున్న ఇంజినీరు భార్య.

"కళ్లు తెరిచారండీ! డాక్టర్లు ప్రాణభయం లేదన్నారు. తెరిచిన దగ్గర్నుంచీ కట్ట కట్ట అని ఒకటే గొడవ. కట్ట దగ్గరున్నవాళ్లతో మాట్లాడితే గానీ పడుకోనంటున్నారు."

పిన్ని స్పీకరు నొక్కింది. ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చాడు. అటునుంచి గొంతు సన్నగా, ఆగి ఆగి వచ్చింది.

"నీళ్లు... దించారా?"

"దించాం బాబూ. ఇసక పోశాం, కంకర పోశాం. తేటగా కారుతున్నాయి. నిన్ను కొట్టినవాడికి బేడీలు కూడా పడ్డాయి. ఇక హాయిగా నిద్రపో."

"మంచిది... మరి పైది?"

"పైదేమిటి?"

"కొండ మలుపు వెనక... ఇంకో మట్టికట్ట ఉంది. దీనికి నాలుగింతలు. ఏ తరగతిలోనూ లేదు, ఏ లెక్కలోనూ లేదు. ఉన్నట్టే ఎవరికీ తెలీదు. నిన్న పెద్దావిడ కట్టకి వస్తూ దారి తప్పి చూశాను. దానికి అలుగే పెట్టలేదు. అది తెగితే పెద్దావిడ కట్ట దాని ముందు అట్టముక్క."

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కడ అలాంటిది ఒకటుందని ఆవిడకే తెలీదు. బేడీలతో కూర్చున్న ఓనరు కూడా చటాలున తలెత్తాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరిది ఆ కట్ట?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"తెలీదు. కాపలా ఉంది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. వెనక్కి పొమ్మని తుపాకి చూపించినవాడు... పోలీసు యూనిఫాంలో ఉన్నాడు."

ఫోన్ అవతల నర్సు గొంతు వినిపించింది. లైను తెగిపోయింది.

సరిగ్గా అప్పుడే జీపులో వైర్‌లెస్ గరగరలాడింది. ఇన్‌స్పెక్టర్ గారు ఎక్కడున్నారో, ఎవరెవరితో ఉన్నారో వెంటనే చెప్పాలట. అడుగుతున్న గొంతు అతనికి కొత్తది.

ఇన్‌స్పెక్టర్ నడిచి వెళ్లి సెట్టు ఆపేశాడు. డ్రైవర్ని పిలిచి, కాలనీవాళ్లని ఎదురు గట్టు మీంచి దిగనివ్వొద్దని, ఓనర్ని కనిపెట్టుకుని ఉండమని చెప్పాడు. తాళాలు తీసుకుని తనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్క తలుపు తెరిచి పట్టుకుని, అందరికీ వినపడేలా పిలిచాడు.

"ఎక్కు పిన్నీ. ఇక్కణ్ణుంచి మనం ఇద్దరమే."